వాటం తప్పిన మూల

ఎర్రగుంట్ల,
శనివారం, మధ్యాహ్నం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. జవాబు రాయలేదని కోపం పెట్టుకోవద్దురా. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పి అలాగే ఉంది, పెద్దోడు పదో తరగతికొచ్చాడు, పాలిష్ యూనిట్‌లో పని అంతంత మాత్రం. జనం టైల్స్ వైపు పోయాక మన నాపరాళ్లు అడిగేవాళ్లు తగ్గారు. సరే, అసలు సంగతికి వస్తా.

మా తోడల్లుడు కడపలో ఇల్లు కట్టాడు. మా మామగారు పోయాక అత్తగారింటి బరువు 12 ఏళ్లు నేనే మోశానని నీకు తెలుసు. మరదలి పెళ్లి నా చేతుల మీదే జరిగింది. ఇప్పుడు అత్త నోట ఎప్పుడూ చిన్నల్లుడి మాటే. దానికి తోడు ఇల్లంతా టైల్స్ పరిచాడు, ఒక్క బండైనా నా దగ్గర కొనలేదు. అది తెలిసిన రాత్రి నాకు అన్నం సయించలేదురా.

బేల్దారి పని అయిపోయిన రోజు చూద్దామని వెళ్లా. వంటింటి వెనక గిన్నెలు తోమే చోట ఎవరో చెంబుడు నీళ్లు పోశారు. జాలీ వైపు పోవాల్సిన నీళ్లు మెల్లగా పక్కకు తిరిగి, గోడ మూలకు చేరి అక్కడే నిలబడ్డాయి. నేల వాలు, అదే వాటం, తప్పింది. బండలతో బతికేవాడిని కదా, ఒక్క చూపులో తెలిసిపోయింది. కొన్నాళ్లకు గోడకు చెమ్మెక్కి రంగు పెచ్చులూడుతుంది. చెప్పాలి. చెప్పలేదు. పైగా సంతోషం వేసింది మామా. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ నీళ్లనే తలుచుకుంటూ కూర్చున్నా. ఇది నీకు తప్ప ఇంకెవరికీ రాయలేను.

గృహ ప్రతిష్ఠ ప్రార్థన రోజు పాస్టరు గారు "పెద్దల్లుడు వాక్యం చదవాలి" అని బైబిలు నా చేతికిచ్చారు. మత్తయి 20వ అధ్యాయం, ద్రాక్షతోట కూలీల కథ. సండే స్కూల్లో నాటకం వేశాం చూడు, నువ్వు ఐదు గంటల కూలీవి! ఆ తువ్వాలు సంగతి గుర్తొచ్చి ఒక్క క్షణం నవ్వొచ్చింది. పొద్దున్నే పనిలోకి దిగినవాళ్లకూ దేనారమే, అంటే ఒక రోజు కూలి, సాయంత్రం ఐదింటికి వచ్చినవాళ్లకూ దేనారమే. చదువుకుంటూ పోయి 15వ వచనం దగ్గరికొచ్చా. "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" గొంతు ఆగిపోయింది. మన వీధిలో అనుకునే మాట, దేవుని వాక్యంలో, నా నోటితో, ఆ టైల్స్ మీద నిలబడి.

గ్రీకు మూలంలో అక్కడ 'నీ కన్ను చెడ్డదా' అని ఉంటుందని పాస్టరు గారు చెప్పారు. నాకు చెమట పట్టింది. ఇల్లు కట్టేటప్పుడు దిష్టి గుమ్మడికాయ కట్టమని మేస్త్రీ అంటే, మాకు ప్రార్థన ఉంది అన్నాడట మా తోడల్లుడు. ఆ దిష్టి నా కళ్లలో కూర్చునే లోపలికొచ్చింది మామా.

అప్పటినుంచి ఆ పొద్దుటి కూలీల గురించే ఆలోచిస్తున్నా. ఒప్పుకున్న కూలి వాళ్లకు పైసా తగ్గకుండా ముట్టింది. పక్కవాడి అరచెయ్యి చూశాకే అది చిన్నదైపోయింది. నాకేం తక్కువైంది? ఆ 12 ఏళ్లలో నా పిల్లలు ఒక్క పూటైనా పస్తున్నారా? సౌలు రాజు కొడుకు యోనాతానును చూడు. సౌలు తర్వాత సింహాసనం అతనికి రావాలి. తండ్రి దావీదు మీద విషపు చూపు నిలిపితే, ఈయన తన కత్తి, విల్లు, నడికట్టు తీసి ఆ దావీదుకే ఇచ్చేశాడు. పోగొట్టుకునేది తండ్రికంటే ఈయనే కదా, ఎలా ఇవ్వగలిగాడో... సరే, అది కలిసినప్పుడు.

భోజనాలయ్యాక తోడల్లుణ్ని ఆ మూలకు పిలిచి చెంబుతో నీళ్లు పోశా. "టైల్స్ వేసిన రోజే చూశాను. కావాలనే చెప్పలేదు" అన్నా. నీళ్ల వైపే చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపో. తర్వాత "ఎప్పుడొస్తావన్నా?" అన్నాడు. అంతే.

మంగళవారం పోయి ఆరు టైల్స్ లేపి, కింద సిమెంటు మాలు తీసేసి, జాలీకి వాటం ఇచ్చి మళ్లీ పరిచా. మాలు అతనే కలిపాడు. మంట పూర్తిగా చల్లారిందని రాస్తే అబద్ధమవుతుంది. రోజూ పొద్దున్నే అతని పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నా. మొదటి మూడు రోజులు పేరు దగ్గరికొచ్చేసరికి మాట పెగల్లేదు. నాలుగో రోజు అతని లోన్ తీరాలని కూడా అడిగా. నిన్న అతను కారు కొంటున్నాడని అత్త చెప్పగానే మళ్లీ లోపల చురుక్కుమంది. వెంటనే లేచి వెళ్లి...

లారీ వచ్చేసిందిరా, ఆపకుండా హారన్ కొడుతున్నాడు. లోడ్ ఎత్తించాలి. చెల్లెమ్మను అడిగానని చెప్పు. నువ్వు మాత్రం నాలా ఆలస్యం చేయకుండా రాయి,

నీ
మామ