జిల్లా ఆసుపత్రుల్లో మెమరీ క్లినిక్‌లు పెట్టండి

సంపాదకులు గారికి, నమస్కారం.

అల్జీమర్స్ జబ్బుకు మెదడులో పేరుకునే ప్రొటీన్లు కారణమన్న వార్తలు ఈమధ్య తరచుగా వస్తున్నాయి. రావలసినవే. కానీ వాటిని సగం టీవీలో విని, మిగతా సగం వాట్సాప్‌లో చదివిన మా వీధి అమ్మాయి ఒకరు తన అత్తగారికి పప్పు, గుడ్డు మానిపించేసింది. "ప్రొటీన్ ఎక్కువైతే మతి పోతుందట కదా టీచరుగారూ" అని నన్నే అడిగింది. హైస్కూల్లో ఏళ్ల తరబడి జీవశాస్త్రం చెప్పినదాన్ని. ఆ అమ్మాయికి చెప్పిన మాటలు మీ పాఠకులకూ చెప్పాలనీ, దాంతోపాటు జిల్లా ఆసుపత్రుల్లో మెమరీ క్లినిక్‌లు, అంటే మతిమరుపును పరీక్షించే విభాగాలు, పెట్టమని ప్రభుత్వాన్ని అడగాలనీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనం తినే ప్రొటీన్ కడుపులో, పేగుల్లో అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. అది పోయి మెదడులో పేరుకోదు. పేరుకునేవి మెదడు కణాలు తమకోసం తయారుచేసుకునే ప్రొటీన్లు. పెద్దవాళ్లకు పప్పు, గుడ్డు ఆపేస్తే కండ తగ్గి, నీరసించి, పడిపోతారు. గుడ్డు, పాలు, మాంసం ఏవీ లేకపోతే బీ12 తగ్గుతుంది. ఆ లోపం వల్లే మతిమరుపు వచ్చేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఎవరూ ఈ పని చేయకండి.

ఇక అసలు సంగతి. ప్రతి ప్రొటీన్ ఒక పద్ధతిలో మడతపడి ఉంటుంది. ఆ మడత సరిగా ఉంటేనే దాని పని అది చేస్తుంది. మడత తప్పినవి ఒకదానికొకటి అతుక్కుంటాయి, పక్కనున్న మంచివాటినీ తమలాగే మార్చేస్తాయి. ఉడికిన గుడ్డులో తెల్లసొన మళ్లీ జారుగా మారదు కదా, ఇదీ అంతే, గట్టిపడ్డాక వెనక్కి రావడం చాలా కష్టం. అల్జీమర్స్‌లో ఇలా రెండు ప్రొటీన్లు చెడతాయి. మొదటిది అమైలాయిడ్ బీటా. కణం పొరలో ఉండే ఒక పెద్ద ప్రొటీన్‌ను ఎంజైములు కత్తిరిస్తే వచ్చే చిన్న ముక్క ఇది. 40 అమైనో ఆమ్లాలున్న ముక్కతో పెద్ద చిక్కు లేదు. 42 ఉన్నదానికి అతుక్కునే గుణం ఎక్కువ. అవి గుంపులు కట్టి కణాల బయట ఫలకాలుగా పేరుకుంటాయి. రెండోది టావ్. నాడీకణం లోపల సరుకు రవాణా జరిగే సన్నని గొట్టాలను ఇది పట్టి నిలబెడుతుంది. దానిమీద ఫాస్ఫేట్‌లు మితిమీరి చేరితే గొట్టాలను వదిలేసి, తనలో తానే చిక్కుపడి కణాన్ని చంపుతుంది. కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం పరిసరాల్లోనే ఈ చిక్కులు ముందుగా కనిపిస్తాయి. అందుకే పెళ్లినాటి ముచ్చట్లు పూసగుచ్చినట్టు చెప్పే మనిషికి పొద్దున్న టిఫిన్ తిన్న సంగతి గుర్తుండదు.

ఈ ఫలకాలనూ, చిక్కులనూ జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లోనే వర్ణించాడు. ఆయన చూసిన మెదడు 55 ఏళ్లకే చనిపోయిన ఒకావిడది. వయసు మీద పడితే ఇంతేలే అనుకోవడం తప్పని నూరేళ్ల కిందటే తేలిపోయింది. అయినా మన ఇళ్లలో ఇంకా చాదస్తం అనే అంటాం.

మా అత్తగారిని మేమూ అలాగే అన్నాం. ఏటా ఊరందరికీ ఆవకాయ కలిపిపెట్టే మనిషి, ఒక వేసవిలో ముక్కలూ ఆవపిండీ ముందు పెట్టుకుని, చేతిలో ఉప్పుగిన్నెతో కదలకుండా నిలబడిపోయారు. తరవాత ఏం వేయాలో తెలియడం లేదు. అడిగితే కసురుకున్నారు. దగ్గరలో చూపిస్తే పెద్దతనం అన్నారు, టానిక్ రాసిచ్చారు. హైదరాబాద్ తీసుకెళ్లి చూపిస్తేగాని జబ్బు పేరు తెలియలేదు. అల్జీమర్స్‌లో మెదడులో మార్పులు పైకి తెలియడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతాయి. అంటే ఆవిడ మా పిల్లల్ని ఎత్తుకుని తిప్పుతున్న రోజుల్లోనే ఇది మొదలై ఉంటుంది.

ఏ ప్రొటీన్ చెడిందన్నది డాక్టర్లకే పరిమితమైన చర్చ అనుకోకూడదు. మరుపు, మతి క్షీణించడం ఉండే జబ్బులన్నిటినీ కలిపి డిమెన్షియా అంటారు, అల్జీమర్స్ అందులో ఒక రకం. లూయీ బాడీ డిమెన్షియా అని ఇంకొకటుంది. అందులో పేరుకునేది ఆల్ఫా సిన్యూక్లిన్ అనే వేరే ప్రొటీన్. వీళ్లకు లేని మనుషులు కనిపిస్తారు. "ఆ మూల పిల్లలు ఆడుకుంటున్నారు చూడు" అంటారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. లేదంటే పిచ్చి అనుకుని మందులు వాడిస్తారు. హాలోపెరిడాల్ లాంటి మందులు ఈ జబ్బున్నవాళ్లకు పడవు, ఒళ్లు బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. జబ్బును సరిగా గుర్తించకపోతే వైద్యమే హాని చేస్తుంది. బీపీ, షుగర్ వల్ల మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే డిమెన్షియా వేరు. థైరాయిడ్, బీ12 లోపాల వల్ల వచ్చే మరుపు వేరు, దానికి మందుంది, చాలామందికి నయమవుతుంది కూడా. దాన్ని పెద్దతనం అని వదిలేయడం ఎంత అన్యాయం!

కొత్త మందుల గురించి కూడా ఆశలు ఎక్కువగా పెట్టుకుంటున్నారు. అమైలాయిడ్‌ను తొలగించే లెకనెమాబ్‌కు 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. పద్దెనిమిది నెలల పరీక్షలో అది క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది. పోయిన జ్ఞాపకం తిరిగి రాలేదు. మెదడు వాపు, రక్తస్రావం వచ్చే అవకాశం ఉంది కాబట్టి మధ్యమధ్యలో ఎంఆర్ఐలు తీయాలి. పైగా జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకే ఇస్తారు. రక్తంలో పీ-టావ్ 217ను, అంటే ఫాస్ఫేట్ చేరిన ఒక రకం టావ్‌ను, కొలిచే పరీక్షకు 2025లో అక్కడ అనుమతి వచ్చింది, అదీ మరుపు లక్షణాలతో నిపుణుల దగ్గరికి వచ్చినవారి కోసమే. రేపు మన ల్యాబులు దీన్ని హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో కలిపి ఆరోగ్యంగా ఉన్నవాళ్లను భయపెట్టకుండా ఇప్పుడే నిబంధనలు పెట్టాలి.

మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా. ఈ జబ్బును జిల్లాల్లో గుర్తించలేకపోవడం మన దగ్గర పరిజ్ఞానం లేక కాదు. రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తుందని, చదువురాని వారిలోనూ ఇది కనిపించిందని 2013లో ప్రపంచానికి చెప్పింది హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులపై జరిగిన పరిశోధనే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అయిదు భారతీయ భాషల్లో జ్ఞాపకశక్తి పరీక్షలు తయారుచేయించింది, అందులో తెలుగు ఉంది. అవి పరిశోధనాపత్రాలు దాటి మా జిల్లా ఆసుపత్రి ఓపీ దాకా రావాలి. పొరుగున కర్ణాటక, బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ సాయంతో జిల్లాల్లో బ్రెయిన్ హెల్త్ క్లినిక్‌లు పెట్టింది.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక రోజు మెమరీ క్లినిక్ నడపాలి. తెలుగు ప్రశ్నావళితో పరీక్ష చేయగల ఒక సైకాలజిస్టు ఉండాలి. బీ12, థైరాయిడ్ పరీక్షలు ఉచితంగా చేయాలి. బీపీ, షుగర్ చూడటానికి ఇళ్లకు వచ్చే ఆశా, ఏఎన్ఎం అక్కచెల్లెళ్లకు మరుపు గురించి అడగవలసిన నాలుగు ప్రశ్నలు నేర్పాలి. వినికిడి కూడా చూడాలి. బీపీ, షుగర్, చెవుడు, చూపు మందగించడం వంటి 14 కారణాలను అదుపు చేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని వైద్య పత్రిక లాన్సెట్ వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పింది. యాభైల్లో ఉన్నవాళ్లను ఇప్పుడు చూస్తేనే ఆ ఫలితం అందుతుంది.

సెప్టెంబరు 21 ప్రపంచ అల్జీమర్స్ దినం. ఏటా ర్యాలీలు, ఉపన్యాసాలు అవుతున్నాయి. ఈసారి ఆ రోజున, ఏ జిల్లాలో ఏ వారం క్లినిక్ తెరుస్తారో తేదీలతో సహా ప్రకటించాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖ మంత్రులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
తెనాలి