అది స్థానం వారి పాట

పద్యనాటక వేదికల మీదే అలనాటి రంగస్థల నటుడు స్థానం నరసింహారావు పేరు మరుగున పడిపోతోంది. ఈమధ్య ఒక నాటక పరిషత్తు పోటీల్లో సత్యభామ ‘మీరజాలగలడా’ ఎత్తుకునే ముందు వ్యాఖ్యాత దాన్ని ‘పాత సినిమా పాట’ అని పరిచయం చేశాడు; హార్మోనియం పెట్టె దగ్గరున్న పెద్దాయన చేతులు ఒక్క క్షణం ఆగాయి, ఆపైన తల దించుకుని శ్రుతి పట్టాడు. 1966 నాటి సినిమా వల్ల ఆ పాట ఇంటింటికీ చేరిన మాట నిజమే. కానీ అంతకు చాలా ఏళ్ల ముందే ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకానికి దాన్ని రాసుకుని, పాడి ఆడినవాడు స్థానం. 1902లో బాపట్లలో పుట్టి, సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా స్త్రీ పాత్రల్లోనే పేరు గడించి, 1956లో పద్మశ్రీ అందుకున్న మగ నటుడు! ఒకే పల్లవిని ఒకసారి గర్వంగా, ఒకసారి గోముగా, ఇంకోసారి అలకగా పలికించేవారని చూసినవాళ్లు చెప్పేవారు. నేను విన్న అమ్మాయి గొంతు బంగారం, అయితే నాలుగుసార్లూ సినిమా వరసే, కొంగు సర్దుకోవడం కూడా అదే. తప్పు ఆమెది కాదు, నేర్పినవాళ్లది. పరిషత్తులు ప్రదర్శనకు ముందు కర్త పేరు, తొలి నటుడి పేరు చెప్పడం నిబంధనగా పెట్టాలి. సేకర్తల ఇళ్లలో అరిగిపోతున్న పద్యనాటక గ్రామఫోన్ రికార్డులను తెలుగు విశ్వవిద్యాలయం డిజిటల్ చేయించి, రంగస్థల విద్యార్థులకు ఉచితంగా వినిపించాలి.