మొదటి రోజు వార్తతోనే ఆపకండి

సంపాదకులకు నమస్కారం.

జిల్లా పేజీలో ఎన్‌కౌంటర్ వార్త చూసిన ప్రతిసారీ నాకు పొత్తూరి వెంకటేశ్వరరావు గారు గుర్తొస్తారు. ఆంధ్రప్రభ సంపాదకుడిగా, ప్రెస్ అకాడమీ అధ్యక్షుడిగా పనిచేసిన ఆ పెద్దాయన హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు. కానీ రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి పౌర స్పందన వేదికలో చేరి, ప్రభుత్వాన్నీ నక్సలైట్లనూ మాట్లాడుకోమని అడగడానికి తన పేరునూ సమయాన్నీ ఇచ్చారు.

ఆ పని విలువేమిటో మా వైపు వాళ్లకు తెలుసు. తొంభైల్లో ములుగు దగ్గర ఒక పల్లెలో టీచర్‌గా చేశాను. ఒకరోజు బడి గంట కొట్టకముందే ఒక తల్లి వచ్చి, కొంగులో మడిచి పెట్టుకున్న పేపరు ముక్క తీసి నా చేతికిచ్చింది. ‘‘సారూ, గీ పేరు మా పిలగానిదేనా? ఇంకోపాలి సదువుండ్రి’’ అంది. మూడుసార్లు చదివాను. అందులో ఉన్నది నాలుగు లైన్లే. ఎదురుకాల్పులు, ఇద్దరు మృతి, ఒకరి పేరు, దొరికిన తుపాకీ. శవం ఎక్కడుంది, ఎప్పుడిస్తారు అన్నది లేదు. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

అదే ఊళ్లో ఏడో తరగతి పిల్లవాడి తండ్రిని ఇన్‌ఫార్మర్ అని అన్నలు చంపేశారు. పది రోజులకు వాడు గుండుతో బడికొచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. ఆ హత్య గురించి మర్నాడు పేపర్లో వచ్చింది, అంతే, మళ్లీ రాలేదు.

వేదిక పెద్దలు ఈ రెండు ఇళ్ల దుఃఖాన్నీ ఒకేలా చూశారు. ఎన్‌కౌంటర్లనూ తప్పన్నారు, ఇన్‌ఫార్మర్ పేరుతో చేసే హత్యలనూ తప్పన్నారు. 1997లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి తిరిగితే 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. 2005 జనవరికల్లా అంతా చెడిపోయింది, నిజమే. అయినా వాళ్ల శ్రమ వృథా అంటే నేను ఒప్పుకోను. ఆ కొద్ది నెలలు రాత్రి తలుపు చప్పుడైతే మా గుండె జారిపోలేదు.

పొత్తూరి గారు 2020 మార్చిలో పోయారు. ఆయన ఫొటోకు దండ వేయమని ఈ లేఖ రాయడం లేదు. మీ విలేకరులు చేయగలిగిన పని ఒకటుంది, అది అడుగుదామని.

ఎన్‌కౌంటర్ మరణాల మీద ఎఫ్ఐఆర్ నమోదు కావాలని, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ జరగాలని, మృతుల బంధువులకు వీలైనంత త్వరగా తెలియజేయాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. అంటే పోలీసుల ప్రెస్ నోట్‌తో ఆ వార్త అయిపోదు, అక్కడ మొదలవుతుంది. విచారణాధికారి ‘తెలిసినవాళ్లు వచ్చి చెప్పవచ్చు’ అని ప్రకటన ఇస్తారు. అది పేపర్లో ఓ మూల చిన్న అక్షరాల్లో వస్తుంది. అడవి పక్క ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలిసేసరికి గడువు దాటిపోతుంది.

దయచేసి ఆ ప్రకటనను జిల్లా పేజీలో వార్తగా, తేదీ, చోటు, ఎవరిని కలవాలో స్పష్టంగా రాసి వేయండి. విచారణ రోజు ఒక విలేకరిని పంపండి. ఆరు నెలల తర్వాత నివేదిక ఏమైందని అడిగి, వచ్చిన జవాబు అచ్చు వేయండి. జవాబు రాకపోతే రాలేదని వేయండి. మావోయిస్టులు చంపిన వాళ్ల ఇళ్లకూ అలాగే వెళ్లండి. పరిహారం అందిందా, పిల్లలు బడికి పోతున్నారా అని కనుక్కోండి. మండలాల్లో పనిచేసే విలేకరులకు దీనివల్ల రెండు వైపుల నుంచీ టెన్షన్ ఉంటుందని నాకు తెలుసు. అందుకే ఆ భారం వాళ్ల ఒక్కరి మీదే పెట్టకుండా, అలాంటి వార్తలు డెస్క్ బాధ్యతగా, పత్రిక పేరు మీదే రావాలని కోరుతున్నాను.

ఆ తల్లి పేపరు ముక్కను మళ్లీ కొంగులో ముడేసుకుని ఎటు పోవాలో నన్నడిగింది. ఆ రోజు నేను చెప్పలేకపోయాను.

– ఒక రిటైర్డ్ టీచర్, హనుమకొండ