టైల్స్ సందుల్లో యాసిడ్ పోయమని రాయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో బాత్రూం టైల్స్ సందుల్లో నల్లటి బూజు పోవాలంటే యాసిడ్ పోసి బ్రష్‌తో రుద్దమని రాశారు. నేను విశాఖపట్నం గాజువాకలో టైల్స్ మేస్త్రీని. అది చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎక్కువ ఇళ్లలో ఆ సందుల్లో మేం నింపేది తెల్ల సిమెంటో, సిమెంటు గ్రౌటో. యాసిడ్ సిమెంటును తినేస్తుంది. పోయగానే బుసబుసమని నురగ వచ్చి, నలుపు పోయి తెల్లగా కనిపిస్తుంది. మురికి పోయిందని సంబరపడతారు గానీ, ఆ నురగ సిమెంటు కరగడం వల్ల వచ్చేదే. పైపొర పోయాక సందు గుల్లబారుతుంది. నీళ్లు, సబ్బు జిడ్డు అందులో ఇంకా బాగా పట్టుకుంటాయి. వానాకాలం వచ్చేసరికి బూజు మళ్లీ పడుతుంది, మళ్లీ యాసిడ్ పోస్తారు. చివరికి సందులు ఖాళీ అయి, నీళ్లు టైల్ కిందికి దిగాక మమ్మల్ని పిలుస్తారు.

గ్రౌట్ పోతే మళ్లీ నింపుకోవచ్చు. నా భయం వేరే ఉంది. యాసిడ్ తడి ఆరకముందే దానిమీద బ్లీచింగ్ పౌడర్ చల్లేవాళ్లున్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపు వేసి ఉన్న చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. చాలా ఇళ్లలో ఈ పని చేసేది పనికి వచ్చే ఆడమనిషి. ఆమెకు చేతికి గ్లౌజులు కూడా ఇవ్వరు. కళ్లు మండి దగ్గు మొదలైతే అన్నీ అక్కడే వదిలేసి బయట గాలిలోకి రావాలి. ఆయాసం తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లాలి.

బూజుకు బ్లీచింగ్ ఒక్కటి చాలు. లీటరు నీళ్లలో రెండు చెంచాల పౌడర్ కలిపి, తేరుకున్న నీళ్లను సందులకు పట్టించి, పది నిమిషాలాగి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది బాగా కడిగేయాలి. కిటికీ తెరిచి ఉంచాలి, గ్లౌజులు వేసుకోవాలి. రంగు గ్రౌట్ అయితే వెలిసిపోవచ్చు, ముందు ఒక మూల చూసుకోండి. ఎంత కడిగినా ఒకే చోట మళ్లీ మళ్లీ నల్లబడుతుంటే గోడ లోపల పైపు కారుతోందేమో ప్లంబర్‌కి చూపించండి.

అసలు బూజుకు కావలసింది తేమ. మా సముద్రపు గాలికి అది ఎటూ ఎక్కువే. దానికి తోడు దోమలొస్తాయని వెంటిలేటర్‌కి అట్ట అడ్డం పెడుతున్నారు. అట్ట తీసి దోమల జాలీ కొట్టించండి. స్నానమయ్యాక గోడల మీద నీళ్లు వైపర్‌తో లాగేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అరగంట తిరగనివ్వండి. కొత్తగా కట్టుకునేవాళ్లు బాత్రూం వరకైనా సిమెంటు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ వేయించుకోండి. అది నీళ్లు పీల్చదు. ఖర్చు ఎక్కువే, కానీ నా కూలి పెంచుకోవడానికి చెప్తున్న మాట కాదిది.

దయచేసి వచ్చే ఆదివారం అదే పేజీలో ఆ సలహాను సరిచేయండి. ఇదంతా వేయడానికి చోటు లేకపోతే, యాసిడ్, బ్లీచింగ్ కలపకూడదన్న ఒక్క ముక్క అయినా పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక టైల్స్ మేస్త్రీ,
గాజువాక, విశాఖపట్నం