టార్ హీల్ అంటే రోడ్డు తారు కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో అమెరికా రాష్ట్రాల ముద్దుపేర్లు, నినాదాలు అని ఒక పట్టిక వేశారు. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ని, ఇప్పుడు కూతురి దగ్గర నార్త్ కరోలినాలోనే ఉంటున్నాను, మీ పేపర్ రోజూ ఫోన్‌లో చదువుతాను, అందుకని నా కళ్లు ముందు ఈ రాష్ట్రం పేరు మీదికే పోయాయి. "తారు మడమల రాష్ట్రం. నినాదం: విమానయానంలో మొదటిది" అని ఒక్క లైను ఉంది. అందులో నినాదం తప్పు. ముద్దుపేరు (ఇంగ్లీషులో టార్ హీల్ స్టేట్) తప్పు కాదు గానీ దాని పక్కన రోడ్డు రోలర్ బొమ్మ పెట్టారు చూడండి, అది తప్పు. ఆ బొమ్మ చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ముందు చిన్న విషయం చెప్పేస్తాను. "ఫస్ట్ ఇన్ ఫ్లైట్" అనేది 1982 నుంచి ఇక్కడి కార్ల నంబర్ ప్లేట్ల మీద ఉండే మాట. 1903 డిసెంబర్ 17న రైట్ సోదరుల్లో చిన్నవాడు ఆర్విల్, ఈ రాష్ట్రపు సముద్ర తీరంలో కిట్టీహాక్ దగ్గర 12 సెకన్లు గాల్లో ఉండి 120 అడుగులు వెళ్లాడు. ఆ అన్నదమ్ములది ఒహాయో రాష్ట్రం, ఇక్కడ గాలి బాగా వీస్తుందని, కిందంతా ఇసుకేనని వెతుక్కుంటూ వచ్చారు. చాలా గొప్ప సంగతే. కానీ రాష్ట్ర నినాదం అది కాదు, అసలుది వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఇక తారు. రోడ్డుకు వేసేది పెట్రోలియం నుంచి వస్తుంది. ఈ పేరులో ఉన్న తారు చెట్టు నుంచి వచ్చింది. అడుగు పొడవుండే సూదుల్లాంటి ఆకులతో లాంగ్‌లీఫ్ పైన్ అనే చెట్టు ఉంది, ఒకప్పుడు వర్జీనియా నుంచి టెక్సాస్ దాకా దాదాపు 9 కోట్ల ఎకరాల్లో ఈ అడవులే ఉండేవట, ఇప్పుడు మిగిలింది అందులో కొద్ది భాగమే. చెక్క ఓడల కాలంలో ఈ చెట్టు జిగురు లేకపోతే సముద్రం మీద పని జరిగేది కాదు. తాళ్లు కుళ్లిపోకుండా తారులో నానబెట్టేవాళ్లు, పలకల సందుల్లోంచి నీళ్లు రాకుండా ఆ తారునే ఇంకా మరిగించి చిక్కగా చేసి పూసేవాళ్లు. బ్రిటన్‌కు ఈ సరుకు ఎక్కువగా స్వీడన్ నుంచి వచ్చేది. అక్కడ యుద్ధాలు, గుత్తాధిపత్యం, పెరిగిన ధరలు, వీటితో విసిగిపోయి 1705లో ఇంగ్లండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. అమెరికా వలసల నుంచి తారు పంపితే టన్నుకు 4 పౌన్లు ప్రోత్సాహకం. ఇంకేముంది, నార్త్ కరోలినా అడవులన్నీ తారు బట్టీలయ్యాయి.

ఆ బట్టీ ఎలా ఉండేదో పిల్లలకు చెప్పాలి. జిగురు పట్టిన ఎండు పైన్ కట్టెల్ని గుట్టగా పేర్చి, పైన మట్టీ గడ్డీ కప్పి, గాలి సరిగ్గా ఆడకుండా నిప్పు పెడతారు, మన దగ్గర బొగ్గుల బట్టీ కాల్చినట్టే అనుకోండి. మంట పైకి లేవకూడదు, లేచిందంటే తారంతా కాలిపోతుంది. రోజుల తరబడి రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండాలి, ఎక్కడ పొగ ఎక్కువైతే అక్కడ మట్టి వేయాలి. కట్టెలో ఉన్న తారు కరిగి అడుగున ఉన్న కాలువ గుండా బయటికి వస్తే పీపాల్లో పట్టుకోవాలి. ఆ పని చేసేవాళ్ల ఒళ్లు, బట్టలు, కాళ్లు అన్నీ నల్లగా అంటుకుపోయేవి. అదిగో, టార్ హీల్ అన్న మాట అక్కడి నుంచి వచ్చింది. మొదట్లో అది ముద్దుపేరు కాదు, తిట్టు. తారు పని చేసుకునే పేదోళ్లు, కాళ్లకు జిడ్డు కూడా వదలనివాళ్లు అని పక్క రాష్ట్రాల వాళ్లు హేళనగా అనే మాట.

మరి తిట్టు గొప్ప ఎలా అయింది? దీనికి రెండు మూడు కథలు చెబుతారు. 1781లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సైనికులు ఒక ఏరు దాటితే, అంతకుముందే ఊళ్లో వాళ్లు అందులో పారబోసిన తారు కాళ్లకు అంటుకుందని ఒకటి. ఇంకోటి 1861 నుంచి 65 దాకా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం నాటిది, ఇక్కడ అందరికీ ఇదే ఇష్టం. ఒక పోరులో పక్క రాష్ట్రం దళం వెనక్కి పారిపోతే నార్త్ కరోలినా వాళ్లు కదలకుండా నిలబడ్డారట. తర్వాత ఆ పారిపోయినవాళ్లే "మీ ఊళ్లో ఇంకా తారు మిగిలిందా?" అని ఎగతాళి చేస్తే, "లేదు, మీ మడమలకు పూయడానికి మన దక్షిణ రాష్ట్రాల అధ్యక్షుడు మొత్తం కొనేశాడు, ఈసారి పోరులో మీరు కూడా అంటుకుని నిలబడతారని" అన్నారట. తారుకు అంటుకునే గుణం ఉంది కదా, అలా జారిపోనివాడు, నిలబడేవాడు అన్న అర్థం వచ్చేసింది. ఇప్పుడు చాపెల్ హిల్‌లోని ఇక్కడి విశ్వవిద్యాలయం ఆటగాళ్లు ఆ పేరుతోనే ఆడతారు.

కథ బాగుంది, నేనూ నవ్వుకున్నాను. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. నిజంగా తారు అంటిన కాళ్లలో ఎన్నో బానిసలవి. అడవిలో చెట్లకు గాట్లు పెట్టి జిగురు పట్టడం, బట్టీల దగ్గర రాత్రుళ్లు మేలుకోవడం, పీపాలు దొర్లించుకుంటూ ఓడరేవు దాకా తీసుకెళ్లడం, ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషుల చేత, వాళ్ల పిల్లల చేత చేయించారు. ఇక కథలో నిలబడిన సైనికులు ఏ పక్షాన నిలబడ్డారంటే, ఆ బానిసత్వాన్ని ఉంచాలన్న పక్షాన. పేరు వెనక పౌరుషం కథ ఒక్కటే చెప్పి చెమట కథ వదిలేస్తే పిల్లలకు సగమే చెప్పినట్టు.

మీ పట్టికలో లేని ఇంకో ముద్దుపేరు కూడా ఉంది, ఓల్డ్ నార్త్ స్టేట్. కరోలినా అంటే చార్లెస్ రాజు పేరు, లాటిన్‌లో కరోలస్. ఒక్కటిగా ఉన్న వలస రెండుగా విడిపోయినప్పుడు, వర్జీనియా నుంచి వచ్చిన జనం ముందే స్థిరపడి ఉన్నది ఉత్తర భాగంలో కాబట్టి అది పాత ఉత్తర రాష్ట్రం అయింది. అంతే, పెద్ద కథేం లేదు.

ఇప్పుడు అసలు నినాదం. "ఎస్సే క్వామ్ విదేరి." లాటిన్. కనబడటం కాదు, ఉండటం కావాలి అని. మన వాళ్లు పైన పటారం లోన లొటారం అంటారే, అలా ఉండొద్దని. అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చి వందేళ్లు దాటినా ఈ రాష్ట్రానికి నినాదమే లేదు, 1893లో శాసనసభ దీన్ని తీసుకుని రాజముద్రలో పెట్టింది. ఈ మూడు ముక్కలు క్రీస్తు పూర్వం 44లో రోమ్ వక్త సిసెరో స్నేహం మీద రాసిన గ్రంథంలోవి. అక్కడ పూర్తి వాక్యం చదివితే అది ఉపదేశం కాదు, బాధ. మంచితనం నిజంగా ఉండాలని కోరేవాళ్లకన్నా ఉన్నట్టు కనబడాలనుకునేవాళ్లే ఎక్కువ అని ఆయన అంటున్నాడు. అందులోంచి మూడు పదాలు తీసుకుని నినాదం చేశారు.

నినాదం పెట్టుకున్న ఐదేళ్లకే, 1898 నవంబర్ 10న, ఇదే రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో నల్లవాళ్లతో కలిసి నడుస్తున్న నగర పాలకవర్గాన్ని తెల్లజాతి ఆధిపత్యవాదులు తుపాకులతో దింపేశారు, ఎంతోమంది నల్లవాళ్లను చంపారు. 1900లో చదువు పరీక్ష పెట్టి వాళ్ల ఓట్లు తీసేశారు. నేను క్లాసులో ఈ పాఠం చెప్పాల్సి వస్తే బోర్డు మీద ఒక పక్క 1893, ఇంకో పక్క 1898 రాసి కాసేపు ఊరుకుంటాను. పిల్లలు వాళ్లంతట వాళ్లే అడుగుతారు.

కాబట్టి నా విన్నపం, వచ్చే ఆదివారం సవరణ వేయండి. నినాదం మార్చండి, రోలర్ తీసేసి పైన్ చెట్టు బొమ్మ పెట్టండి. మిగతా రాష్ట్రాలకు కూడా లైనుకొకటి కాకుండా వారానికి ఒక్కదాని గురించి వేసినా నాలాంటివాళ్లు మనవలకు చదివి వినిపిస్తాం. ఈ ఉత్తరం మొత్తానికి చోటు లేదంటే ఎక్కడైనా కత్తిరించండి, బట్టీ దగ్గర పనిచేసినవాళ్ల గురించి రాసిన పేరా మాత్రం దయచేసి ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, నార్త్ కరోలినా