రొక్కానికా, కంతులకా? ఫోను పెట్టె మీద రెండు ధరలూ రాయించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం పొద్దున మీ పత్రిక మడతలోంచి ఒక రంగుల కరపత్రం జారిపడింది. ఊళ్లోని ఒక సెల్‌ఫోన్ల అంగడి వాళ్లది. "రొక్కం అక్కర్లేదు, వడ్డీ లేదు, ఆధార్ తెండి, ఫోను తీసుకెళ్లండి" అని పైన బారెడు అక్షరాలు. అడుగున, కళ్లజోడు పెట్టుకున్నా ఆనని అక్షరాల్లో, షరతులు వర్తిస్తాయని ఒక ముక్క. ఆ షరతులు ఏమిటో ఎనిమిది నెలలు డబ్బు కట్టి తెలుసుకున్న మనిషిని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైనా దయచేసి అంకెలు మాత్రం కత్తిరించకండి.

మాది తిరుపతి కొర్లగుంట. పదకొండేళ్లుగా మా పొదుపు సంఘం పుస్తకాలు రాసేది నేనే. మా ఆయన బస్టాండు నుంచి అలిపిరికి ఆటో తోలుతారు. 2025 జూలైలో మా అమ్మాయికి పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. పాఠాల నోట్సు, ల్యాబు టైము, ఫీజు రసీదు అన్నీ వాట్సాప్‌లోనే వస్తాయన్నారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వాళ్ల నాన్నతో పాటు రోడ్డు మీద తిరుగుతుంది. కొత్తది తప్పలేదు.

అంగట్లో పిల్లోడు మర్యాదగానే మాట్లాడాడు. "అక్కా, ఫోను 17,999. నెలకు 1,800 చొప్పున పది కంతులు. వడ్డీ ఒక్క రూపాయి లేదు. రెండు కంతులు ఈ రోజే కట్టేస్తే మిగిలినవి ఎనిమిదే" అన్నాడు. ఫైలు చార్జీ 699, దాని మీద జీఎస్టీ 126, వెరసి 825 అన్నాడు. "ఓటీపీ వచ్చింది చూడక్కా, చెప్పు" అని మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ చెప్పాను. ఆ మూడింటిలో ఒకటి తెర పగిలితే బాగుచేయించే రక్షణ పథకానిదని, దానికి 1,299 తీసుకున్నారని ఇంటికొచ్చాక మెసేజీలో చూశాను. అది కావాలా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు.

వారం తిరక్కముందే మా మరిది అదే అంగట్లో అదే ఫోను, రంగు కూడా అదే, కొన్నాడు. రొక్కం చేతిలో పెట్టి బేరమాడితే 16,800కు ఇచ్చారు.

ఆ రాత్రి సంఘం పుస్తకం వెనక పేజీలో లెక్క వేశాను. ఫోను అసలు ధర 16,800. మొదటి రోజు నేను కట్టింది రెండు కంతులు 3,600, ఫైలు చార్జీ 825, మొత్తం 4,425. తెర రక్షణ డబ్బు ఇందులో కలపలేదు. అంటే అప్పిచ్చిన ఫైనాన్సు కంపెనీ నా తరఫున పెట్టిన డబ్బు 12,375 మాత్రమే. దానికి నేను తిరిగి కట్టాల్సింది ఎనిమిది 1,800లు, 14,400. మధ్యలో ఉన్న 2,025 రూపాయలను ఏమనాలి? పేరు ఏం పెట్టినా అది వడ్డీ. నెలనెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి ఆ తగ్గే బాకీ మీద లెక్క కడితే నూటికి నెలకు మూడున్నర రూపాయలు పడింది. మా వీధిలో మూడున్నర రూపాయల వడ్డీకి అప్పిచ్చే మనిషి గుమ్మం తొక్కడానికి ఎవరైనా వెనకాడతారు. మా సంఘంలో లోపలి అప్పు రూపాయి వడ్డీ. అదే 12,375ను అక్కడ తీసుకుని ఎనిమిది నెలల్లో తీర్చి ఉంటే వడ్డీ 557 రూపాయలు అయ్యేది. ఏళ్ల తరబడి పదిమంది అప్పుల లెక్క రాస్తున్న నాకే అంగట్లో, ఆ వెలుతురులో, పక్కన అమ్మాయి ఆశగా చూస్తుండగా, ఈ లెక్క తట్టలేదు. లెక్కలు రానివాళ్ల మాటేమిటని అప్పటి నుంచి నా మనసులో ఒకటే బాధ.

సున్నా వడ్డీ అన్న మాటే నిజం కాదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. అది క్రెడిట్ కార్డు బాకీలను కంతులుగా మార్చే పథకాల గురించి చెప్పిన మాట. వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి వసూలు చేస్తున్నారని అందులో స్పష్టంగా ఉంది. ఫోన్ల అంగళ్లలో ఇంకో చోటు కూడా ఉంది దాచడానికి. అదే రొక్కం ఇచ్చేవాడికి తగ్గించి, కంతుల వాడికి తగ్గించని ఆ 1,199 రూపాయలు. ఆ తగ్గింపు సంగతి ఎదుటివాడు చెప్పడు, మనకు అడగాలని తోచదు.

ఇక నవంబరు. వానలు పట్టుకుని మా ఆయన ఆటో వరసగా నాలుగు రోజులు తిరగలేదు. అయిదో తేదీన కంతు ఖాతా నుంచి దానంతటదే తెగాలి. ఖాతాలో ఉన్నది 1,740. అరవై రూపాయలు తక్కువ. బ్యాంకు వాళ్లు 295, అప్పిచ్చిన కంపెనీ 500 కోశారు. అరవై రూపాయలకు 795 రూపాయల జరిమానా. ఆరో తేదీ పొద్దున నేనే వెళ్లి డబ్బు వేస్తానంటే, తెగిన చార్జీ తెగినట్టేనన్నారు. కంతులన్నీ తీరాక మొత్తం కూడితే ఆ ఫోనుకు మేం పెట్టింది 20,919. మా మరిది పెట్టిన దానికంటే 4,119 ఎక్కువ. అమ్మాయి రెండు నెలల బస్సు ఖర్చులూ పుస్తకాలూ అందులో వచ్చేవి.

నా సంగతి డబ్బుతో పోయింది. మా సంఘంలోనే ఒకామె గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు అమ్ముతుంది. ఆమె వేరే చోట, వేరే కంపెనీ కంతుల మీద పన్నెండు వేల ఫోను తీసుకుంది. కొన్న రోజే అందులో ఒక యాప్ ఎక్కించారు. అది తీసేయడానికి రాదు. ధనుర్మాసంలో, శుక్రవారం తెల్లవారుజామున, కదంబం మూరలు కట్టి బుట్ట దించుకునేసరికి ఫోను బిగుసుకుపోయింది. కంతు పదకొండు రోజులు ఆలస్యమట. తెర మీద బాకీ ఉందన్న మాట, ఒక నంబరు, అంతే. "వదినా, ఫోను చచ్చిపోయింది" అని పక్క అంగడి వాళ్ల ఫోనులోంచి నాకు చేసింది. జనం పూలు తీసుకుని స్కాన్ చేసి వెళ్లిపోతున్నారు. డబ్బు ఖాతాలో పడిందో లేదో చూసుకునే దారి లేదు. కొందరిని నమ్మి ఇచ్చింది, కొందరిని రొక్కం అడిగితే లేదని వదిలేసి పోయారు. ధనుర్మాసపు శుక్రవారం అంటే ఆమెకు వారం రోజుల బేరం. ఆమె తరఫున నేను కంతు కట్టినా ఫోను తెరుచుకునేసరికి మర్నాడు సాయంత్రమైంది. బాకీ ఉంటే అడగండి, జరిమానా వేయండి. బాకీ తీర్చాల్సిన డబ్బు సంపాదించే పనిముట్టునే పట్టుకుని బిగిస్తే ఆమె ఏం అమ్మి కట్టాలి?

కువైట్‌లో ఉన్న మా తమ్ముడికి ఇదంతా చెబితే, అక్కడ లైనుతో కలిపి ఫోను ఇచ్చే కాంట్రాక్టులు ఉంటాయన్నాడు. ఫోనుకు వేరే ధర కట్టినట్టే ఉండదు, నెలనెలా బిల్లులో కలిసి పోతూ ఉంటుంది, ఒప్పుకున్న కాలం తీరేదాకా ఆ లైను వదలడానికి లేదు. మన దేశంలో అలాంటిది తక్కువ. దగ్గరగా వచ్చినది 2021 దీపావళికి వచ్చిన జియోఫోన్ నెక్స్ట్. ఒకేసారి కొంటే 6,499. లేదంటే ముందు 1,999, ప్రాసెసింగ్ ఫీజు 501, మిగిలింది రీచార్జితో కలిపి 18 లేదా 24 నెలల వాయిదాలు. ఆ ఫోనులో డేటా ఆ ఒక్క కంపెనీ సిమ్ముతోనే నడిచేది. నా వరకు లైను వేరుగా, ఫోను వేరుగా ఉండటమే మేలు. 2011 జనవరి నుంచి నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు దేశమంతా ఉంది. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు మూడూ రీచార్జి ధరలు పెంచినప్పుడు మా ఆయన నంబరును బీఎస్ఎన్ఎల్‌కు మార్చాం. కాంట్రాక్టులో ఉంటే ఆ పని కుదిరేది కాదు. 28 రోజుల రీచార్జి ఏడాదికి పదమూడుసార్లు వస్తుంది, ఆ లెక్క చూసుకునే స్వేచ్ఛ చేతిలో ఉండాలి.

కంతులు అసలే వద్దని నేను అనను. మా వీధి అమ్మాయిలు ఇద్దరు శ్రీసిటీలో పనిచేస్తారు. 2015 నుంచి అక్కడి ఫ్యాక్టరీలో ఫోన్లు తయారుచేస్తున్నారు కదా, ఒకమ్మాయి ఆ పనిలోనే ఉండేది. వాళ్లకు జీతం తేదీ తప్పకుండా ఖాతాలో పడుతుంది, కంతు తేదీ దాని తర్వాతే పెట్టించుకున్నారు, ఒక్కసారీ తప్పలేదు. అలాంటి వాళ్లకు కంతు నడుస్తుంది, వడ్డీ ఎంతో తెలిసి కడితే. ఆటో, పూలబుట్ట, ఇడ్లీ బండి, కూలి, వీటి మీద బతికే ఇళ్లలో డబ్బు తేదీ చూసుకుని రాదు. మాకు రొక్కంగా కొనగలిగిన ఫోనే మా ఫోను. ఈ ఫిబ్రవరిలో నాకు ఫోను కావలసి వచ్చినప్పుడు 9,200ది చాలనుకున్నాను. నా దగ్గర 1,200 ఉంది, సంఘంలో 8,000 తీసుకున్నాను, ఎనిమిది నెలల్లో తీరుస్తాను, వడ్డీ మొత్తం 360. ఒక కంతు పది రోజులు ఆలస్యమైతే మా వాళ్లు గట్టిగా అడుగుతారు, నా ఫోను మాత్రం మోగుతూనే ఉంటుంది. కెమెరా అమ్మాయి ఫోనంత బాగుండదు. దస్త్రాలు ఫొటో తీయడానికి అది చాలు.

ఇప్పుడు అసలు విషయం. సంఘం పని మీద బ్యాంకుకు వెళ్లినప్పుడు అక్కడి మేడమ్ ఒక సంగతి చెప్పారు, అది విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులైనా ఫైనాన్సు కంపెనీలైనా ఇలాంటి అప్పు ఇచ్చే ముందు దాని ముఖ్య వివరాల పత్రం ఒకటి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అన్ని చార్జీలూ కలిపి ఏడాదికి వడ్డీ నూటికి ఎంత పడుతుందో అందులో ఉండాలి. అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదివి వివరించాలి. వారం, ఆపై గడువున్న అప్పులకు ఆ పత్రం కనీసం మూడు పనిదినాలు చెల్లాలి, అంటే ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకుని రావచ్చు. అందులో రాయని చార్జీని మనం స్పష్టంగా ఒప్పుకోకుండా తర్వాత వసూలు చేయకూడదు. నాకు వచ్చింది మెసేజీలో ఒక లింకు. తెరిస్తే పేజీలకు పేజీలు ఇంగ్లీషు. అది కూడా మూడు ఓటీపీలు చెప్పేశాక వచ్చింది. మూడు రోజులు కాదు, మూడు నిమిషాలు కూడా మాకు దొరకలేదు. క్రెడిట్ కార్డు బాకీలకు ఈ నిబంధన లేదట. మా వీధిలో కార్డులున్న వాళ్లు ఎవరూ లేరు, అందరివీ అంగట్లో ఇచ్చే అప్పులే.

కాబట్టి మా కలెక్టరు గారిని, వినియోగదారుల వ్యవహారాలు చూసే అధికారులను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కంతులకు ఫోన్లు అమ్మే ప్రతి అంగట్లో, ఒక్కో ఫోను దగ్గర ఒక చీటీ పెట్టించండి. రొక్కం ఇస్తే ఎంత, కంతులన్నీ చార్జీలతో కలిపి కడితే ఎంత, కంతు తప్పితే ఎంత కోస్తారు, ఫోను బిగిస్తారా లేదా. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. వడ్డీ "నూటికి నెలకు ఇన్ని రూపాయలు" అని రాస్తే మా వాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే.

ఈలోగా చదివేవాళ్లకు ఒక మాట. ఓటీపీ చెప్పే ముందు "రొక్కానికి ఎంతకిస్తావు నాయనా" అని అడగండి. తెలుగు కాగితం చేతికి ఇచ్చేదాకా ఓటీపీ చెప్పకండి. అడగని రక్షణ పథకం అంటగడితే వినియోగదారుల సహాయ నంబరు 1915కు చెప్పండి. అప్పిచ్చిన కంపెనీ మీద ఫిర్యాదైతే ముందు దానికే రాతపూర్వకంగా ఇచ్చి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. నేను తెర రక్షణ డబ్బు గురించి రాశాను, జవాబు కోసం చూస్తున్నాను.

మీకు కూడా ఒక విన్నపం. మీరు అచ్చువేయని కరపత్రానికి మీరు జవాబుదారులు కాకపోవచ్చు, అయినా అది మా ఇంటికి మీ పత్రిక మడతలోనే వస్తోంది. అందుకని ఆ ముఖ్య వివరాల పత్రం ఎలా ఉంటుందో, ఏ గడిలో ఏం చూసుకోవాలో తెలుగులో నమూనా వేసి, ఒక ఆదివారం సగం పేజీలో అచ్చువేయండి. మా సంఘం ప్రతి నెలా పదో తేదీన కూర్చుంటుంది. ఆ నమూనా కత్తిరించి పుస్తకం అట్ట లోపల అంటిస్తాను. వచ్చే నెల మాలో ఇద్దరు పిల్లలకు ఫోన్లు కొనాలి.

ఇట్లు,
ఒక పొదుపు సంఘం లెక్కలు రాసే ఇల్లాలు,
కొర్లగుంట, తిరుపతి