సర్టిఫికెట్ ఒక్కటే కాదు

క్లబ్బు మిత్రులకు నమస్కారం. "కాలేజీ క్లబ్బులో పనిచేస్తే సర్టిఫికెట్ తప్ప ఇంకేమి వస్తుంది?" అని కొత్తవారు అడుగుతున్నారు. నిజానికి ఆ కాగితాన్ని తర్వాత పెద్దగా ఎవరూ అడగరు. స్పాన్సర్ కోసం ముక్కూమొహం తెలియని వ్యాపారికి ఫోన్ చేసి, కాదనిపించుకుని, మర్నాడు మళ్లీ చేయడం. కార్యక్రమం ముగిశాక రసీదులన్నీ ముందేసుకుని లెక్క తేల్చడం... ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పనికొచ్చేవి ఇవే.

ఇక పరిచయాలు. ఉద్యోగాల సమాచారం ఆప్తమిత్రుల కన్నా ఎప్పుడో ఒకసారి కలిసే పరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే రాశారు. ఆప్తులకు తెలిసిన కబురు మనకూ ముందే తెలిసి ఉంటుంది కదా! క్లబ్బు సీనియర్లు సరిగ్గా ఆ పరిచయస్తుల కోవలోకే వస్తారు. అందుకే చదువు ముగించినవారు దయచేసి గ్రూపు వదిలి వెళ్లకండి. ఉద్యోగం మారితే ఇక్కడ రాయండి.

అన్నట్టు, కోశాధికారి పదవి ఇంకా ఖాళీ. లెక్కలంటే భయం లేనివారు చెప్పండి.